గిన్నె అడుగున పువ్వు

కాలువ వీధి, పై వాటా
జూన్ 4

బాబాయ్‌కి,

నిన్న ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పోయింది. నీకు సగమే వినిపించింది, పక్కింటివాళ్లకి మాత్రం మొత్తం వినిపించింది. అందుకే కాగితం తీశాను. అమ్మ బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులని మెట్లు దిగడం మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిలో పోయేవాళ్లందరినీ ఆపి కబుర్లు చెబుతోంది. నిన్ను అడిగానని రాయమంది.

ఇక అసలు సంగతి. పదిహేనేళ్లుగా ఎక్కడెక్కడి కాలువల్లోనో కాలుష్యం కొలిచాను కదా, ఈ బదిలీతో చివరికి మన కాలువే నా చేతికొచ్చింది. వచ్చిన వారానికే చేపలు తేలాయి. పది పన్నెండు రోజులకోసారి ఇలా అవుతోందట. ఆ గంటల్లో వంతెన కింద మీటరు ఒక్కసారిగా లేస్తోంది. నీళ్లలో సోడా, చలవ చేసే బ్లీచింగు మందు. అంటే ఏదో ఒక అద్దకం కార్ఖానాలో, బట్టని తెల్లబరిచే తెల్లతొట్టి నీళ్లు నేరుగా కాలువలో పడుతున్నాయి.

వీధిలో ఏడు కార్ఖానాలు, ఏడు తెల్లతొట్లు. మా నీళ్లన్నీ శుద్ధి కేంద్రానికే పోతున్నాయని ఏడుగురూ ఒకటే పాట. కాగితాల మీద గీసిన గొట్టాలు కూడా వాళ్ల మాటే చెబుతున్నాయి. నమ్మక, పరీక్షలకి వాడే ఎర్ర రంగు తెచ్చి ఒక్కో తొట్టిలో పోయించి చూశాను. ఒక్క చుక్క కాలువలోకి రాలేదు.

నలభై ఏళ్లు రంగు మేస్త్రిగా చేశావు. ఈ వీధి కింద పాత గొట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మీ మూడో కార్ఖానా గురించి రాయక్కర్లేదులే, రంగు నీళ్లు తేరుకోవడానికి వీధిలో మొట్టమొదట మడ్డి తొట్టి కట్టించినవాడివి నువ్వు. మిగతా ఆరింటి గురించి ఏం గుర్తుంటే అది రాయి.

నీ నీలిపిల్ల

*

అమ్మాయి ఇల్లు, ఆసుపత్రి వెనక వీధి
జూన్ 13

నీలిపిల్లకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మన వీధి రంగుల వాసన వస్తుందేమోనని ముందు కవరు వాసన చూశాను. మీ చెల్లెలు నవ్వింది, నాన్నకి పిచ్చి ముదిరిందని. ఆసుపత్రిలో నర్సు పని చేసేవాళ్లకి అందరూ రోగుల్లాగే కనబడతారు, దాని తప్పు కాదు.

పెద్ద ఆఫీసరమ్మవి అయ్యావు కాబట్టి నీలిపిల్ల అని పిలవకూడదేమో. కానీ నేను పిలుస్తాను. నీకు నాలుగేళ్లప్పుడు, సోమవారం నాడు కాలువ గట్టు మీద నుంచి జారి పడ్డావు. సోమవారమంటే మిగతా ఆరు కార్ఖానాలూ నీలం తొట్లు ఖాళీ చేసే రోజు. మీ నాన్న దూకి నిన్ను పైకి తీస్తే చెవుల్లోంచి కూడా నీలం కారింది. మూడు వారాలు అలాగే తిరిగావు. నీ కంటే ముందు మీ అమ్మ ఏడ్చింది, ఈ పిల్ల ఇక ఇంతేనేమో అని.

అప్పట్లో ఎవరింట్లోనూ క్యాలెండరు చూసేవాళ్లు కాదు. సోమవారం నీలం, మంగళవారం పచ్చ, బుధవారం పసుపు, శుక్రవారం ఎరుపు. పిల్లలు కిటికీలోంచి కాలువ చూసి ఇవాళ బడి ఉందో లేదో చెప్పేవాళ్లు. అందంగానే ఉండేది తల్లీ, ఇప్పుడు అలా అంటే నువ్వు కేసు పెడతావేమో. నాకు మాత్రం అది కాలువకి జబ్బు చేసినట్టు అనిపించేది. అందుకే మేస్త్రి అవగానే యజమానితో పోట్లాడి మడ్డి తొట్టి కట్టించాను. రంగు నీళ్లు దాంట్లో తేరుకున్నాకే బయటికి. అదీ ఎలా? నా తెల్ల గిన్నె గుర్తుందా? అడుగున చిన్న నీలి పువ్వు ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి చూస్తే పువ్వు రేకులు ఐదూ లెక్కకి రావాలి. వస్తేనే కాలువకి వదలాలి. రాకపోతే ఎవడి మాటా వినేవాణ్ని కాదు. ఆ గిన్నె ఇప్పటికీ నా అలమరలోనే ఉంది.

పోయిన మీ నాన్న సంగతి రాయకుండా ఉత్తరం ఎలా ముగిస్తాను? తెల్లబరిచిన బట్టని కాలువలో జాడించే పని వాడిది. నీళ్లలో నిలబడి రోజంతా. అన్నయ్య కదా అని రేవులో మంచి చోటు చూసి వాడికిచ్చాను, ఎడమ పక్క మూడో మెట్టు. అక్కడ నీళ్లు తేటగా ఉండేవి, పైగా చలికాలంలో కూడా కాళ్లకి గోరువెచ్చగా తగిలేవి. మిగతావాళ్లంతా కుళ్లుకునేవాళ్లు, మేస్త్రి అన్నగారికి రాజభోగం అని. వాడు మీసం తిప్పి నవ్వేవాడు.

మిగతా ఆరు కార్ఖానాల్లో ఐదోదాన్ని చూడు. ఆ యజమాని తాతకి ఆనాడే అడ్డదారులంటే ఇష్టం. వదినకి నమస్కారాలు చెప్పు.

మీ బాబాయ్

*

కాలువ వీధి
జులై 2

బాబాయ్‌కి,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నీలం కథ వచ్చినప్పుడు కడుపు పట్టుకుని నవ్వింది. రాజభోగం దగ్గర మాత్రం లేచి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఐదో కార్ఖానా నేల మూడు చోట్ల తవ్వించాను. ఎలకలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ యజమాని ఇప్పుడు నన్ను చూస్తే వీధి అవతలి పక్కకి వెళ్లిపోతున్నాడు.

మీటర్లని వంతెన దగ్గర నుంచి కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ వచ్చాను. మొన్నటికి ఆ నీళ్లు దిగే చోటు పాత రేవు మెట్ల దగ్గర తేలింది. ఇప్పుడు అక్కడ బట్టలు జాడించేవాళ్లు లేరు, మెట్లు నాచు పట్టి ఉన్నాయి. మంగళవారం పొద్దున్న నేను అక్కడే నిలబడి ఉండగా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నీళ్లు ఎలా ఉన్నాయనుకున్నావు? అద్దంలా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. ఆ వాసన తగలగానే నాకు నాన్న గుర్తొచ్చాడు బాబాయ్. సాయంత్రం వచ్చి నన్ను ఎత్తుకుంటే చొక్కాలోంచి వచ్చేది చూడు, ఆ శుభ్రమైన వాసన. చచ్చిన చేపల మధ్య నిలబడి ఇంటి మీద బెంగ పెట్టుకున్నాను, నవ్వకు.

నాన్న కాళ్ల గురించి అమ్మని అడిగాను. పదకొండేళ్లు నీళ్లలో నిలబడ్డాడు, పుళ్లు మానక కదా పని మానేసి గేటు దగ్గర కాపలాకి మారింది. అది తేమ వల్ల వచ్చిందని మనందరం అనుకున్నాం. ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది.

మెట్ల వైపు రెండు, మూడు, నాలుగు కార్ఖానాల వెనక గోడలున్నాయి. పాత గొట్టం ఏదైనా అటు వచ్చేదా? కాస్త కూర్చుని గుర్తు చేసుకో.

నీ నీలిపిల్ల

*

అమ్మాయి ఇల్లు
జులై 20

చిరంజీవికి,

ఉత్తరం అందింది. మెట్ల వైపు గొట్టాలేవీ నాకు గుర్తు లేవు. వయసు మీద పడింది, పాత విషయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నీ ఉద్యోగం పనులకి నన్ను అడగకు. మీ ఆఫీసులో చదువుకున్నవాళ్లు చాలామంది ఉంటారు కదా. ఇక్కడ వానలు. నా ఆరోగ్యం ఫర్వాలేదు.

బాబాయ్

*

కాలువ వీధి
ఆగస్టు 6

బాబాయ్‌కి,

నాలుగు ముక్కలు రాసి పంపావు. నీలిపిల్లా అని కూడా అనలేదు. కోపం వచ్చిందేమోనని మొదట భయపడ్డాను. తరవాత నాకే కోపం వచ్చింది. నలభై ఏళ్ల కిందట నా చెవుల్లోంచి కారిన రంగు గుర్తున్నవాడికి గొట్టం గుర్తు లేదా?

నిన్న మా పెద్దాఫీసరు ఆర్డరు మీద సంతకం పెట్టాడు. ఆగస్టు ముప్పై ఒకటి లోపు ఆ నీళ్లు ఎక్కడివో నేను తేల్చకపోతే ఏడు తెల్లతొట్లకీ సీలు వేస్తారు. తెల్లబరచకపోతే అద్దకం లేదు, అంటే వీధి వీధంతా ఇంట్లో కూర్చోవాలి. ఆరు కార్ఖానాల వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు. కిటికీ కింద ఆగి అమ్మతో కబుర్లు చెప్పేవాళ్లంతా వాళ్లే. ఇప్పుడు ఎవరూ ఆగడం లేదు. ఆఫీసరమ్మ తల్లి అని తల దించుకుని వెళ్లిపోతున్నారు. అమ్మ కిటికీ మూసేసింది.

నీ పాత ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఒక మాట నన్ను వదలడం లేదు. కాలువ నీళ్లు రేవు పొడుగునా ఒకటే కదా. చలికాలంలో ఒక్క మూడో మెట్టు దగ్గరే గోరువెచ్చగా ఎందుకుంటాయి బాబాయ్?

నేను ఊరికే తెలియక అడగడం లేదని నీకు తెలుసు. అయినా నీ నోటితో నువ్వు చెబితేనే వింటాను. కార్ఖానా నేల తవ్వించి కనుక్కోవడం నాకిష్టం లేదు.

నీలిపిల్ల

*

అమ్మాయి ఇల్లు
ఆగస్టు 15

నీలిపిల్లా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

గొట్టం ఉంది. మూడో కార్ఖానాదే. వేసింది నేనే.

నువ్వింకా పుట్టలేదు. పని ఎక్కువైన రోజుల్లో, అప్పట్లో దాదాపు రోజూ అంతే, తెల్లతొట్టిలో రెండింతల బట్ట వేసేవాళ్లం. అప్పుడు వేడి నీళ్లు అంచు దాటి నేల మీదికి పొర్లేవి. ఒకసారి ఒకావిడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దాంతో రెండు రోజులు సెలవొచ్చినప్పుడు నేనూ మీ నాన్నా కూర్చుని, అంచుకి జానెడు కింద, గోడ వైపు ఒక కన్నం పెట్టి, నేల కింద నుంచి రేవు మెట్ల దాకా గొట్టం వేశాం. ఎవరినీ అడగలేదు, కాగితం మీద ఎక్కించలేదు. నీళ్లు ఆ కన్నం దాకా లేస్తేనే అందులోకి పోతాయి. నువ్వు మామూలుగా నింపిన తొట్టిలో ఎరుపు పోయించి ఉంటావు. అంచు దాకా నింపి పోయించు, వస్తుంది. ఇప్పుడున్న మేస్త్రికి ఈ సంగతి తెలియదు, అతన్ని ఏమీ అనకు. కన్నంలోకి పోయే నీళ్లు మడ్డి తొట్టికే పోతున్నాయని అనుకుంటూ ఉంటాడు.

ఎందుకు మడ్డి తొట్టికి కలపలేదని అడుగుతావు. రంగు నీళ్లకే కదా తొట్టి, తేట నీళ్లకి ఎందుకు అనుకున్నాను. గిన్నెలో పోసి చూశాను. పువ్వు రేకులు ఐదూ కడిగినట్టు కనిపించాయి. అంత తేట నీళ్లు ఆ వీధిలో ఇంకెక్కడా లేవు. నా బుర్రకి కనబడేదే మురికి. రంగు లేనిదంతా శుభ్రం. నలభై ఏళ్లు రంగుతోనే బతికినవాడికి ఇంతకంటే తెలివి రాలేదు.

ఇక రెండో సంగతి. దీన్ని రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. గొట్టం ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు కాబట్టే ఆ మెట్టు అన్నయ్యకి ఇచ్చాను. వెచ్చటి నీళ్లు, తేట నీళ్లు, అన్నయ్యకి కాక ఎవరికిస్తాను? నాలుగో ఏటికి కాళ్లు పగిలాయి. ఏమిట్రా ఇది అని నాకు చూపించాడు. నేను గిన్నె తెచ్చి ఆ నీళ్లే ముంచి చూపించాను. చూడు అన్నయ్యా, పువ్వు ఎలా మెరుస్తోందో, ఈ నీళ్ల వల్ల కాదు అన్నాను. వాడు గిన్నెలోకి చూసి, సరేరా అన్నాడు. వెళ్లి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. ఇంకో ఏడేళ్లు.

నీ జులై ఉత్తరం చదివే దాకా నిజంగా నాకు తెలియదు. చదివిన రోజున మాత్రం అంతా ఒక్కసారే అర్థమైంది. గుర్తు లేదని అబద్ధం రాశాను. భయపడింది నా పేరు పోతుందని కాదు. నువ్వూ వదినా నా మొహం ఇక చూడరని.

ఇంకో కాగితం విడిగా జత చేశాను. గొట్టం వేసింది నేనేనని రాసి సంతకం పెట్టాను. మీ ఫైల్లో పెట్టుకో. కన్నం పైన సిమెంటు ఆరకముందే మీ నాన్న సరదాకి నా గిన్నె బోర్లించి ఒత్తాడు. ఆ గుండ్రటి గుర్తు వెతుక్కో, దొరుకుతుంది.

బాబాయ్

*

కాలువ వీధి
సెప్టెంబరు 9

బాబాయ్‌కి,

నీ కాగితం అందిన మర్నాడు పొద్దున్నే అది పట్టుకుని మూడో కార్ఖానాకి వెళ్లాను. మేస్త్రి తెల్లతొట్టిని అంచు దాకా నింపాడు. పరీక్ష రంగుల్లో ఈసారి నీలం తీసుకెళ్లాను. ఎందుకో ఎరుపు తియ్యబుద్ధి కాలేదు.

పది నిమిషాలు పట్టింది. మూడో మెట్టు కింద నుంచి నీలం సన్నగా మొదలై, తరవాత కాలువ సగం వెడల్పు పరుచుకుంది. కార్ఖానాల్లోంచి అందరూ బయటికొచ్చి గట్టు మీద నిలబడ్డారు. అమ్మ పైన కిటికీ తీసింది. అంత దూరం నుంచి కేక వేసింది, "ఏమే, ఇవాళ సోమవారమా?" అని. ఆ రోజు గురువారం. ముసలివాళ్లంతా నవ్వారు. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ తరవాత తొట్టి ఖాళీ చేయించి వెనక్కి దూరాను. సున్నం పొరలు గీకించాక గుర్తు కనబడింది. నువ్వు రాసినట్టే గుండ్రంగా ఉంది. నువ్వు రాయనిది ఇంకొకటి ఉంది. ఆ గుండ్రం మధ్యలో, పువ్వు ఉండాల్సిన చోట, నాన్న బొటనవేలు ఒత్తాడు. నా వేలు అందులో పెట్టి చూసుకున్నాను. నాన్నది పెద్ద వేలు, నాది చుట్టూ ఖాళీగా ఉంది. మేస్త్రి పాపం అటు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాఫీసరు ఏడు సీళ్ల ఆర్డరు రద్దు చేశాడు. మూడో కార్ఖానా తెల్లతొట్టి ఒక్కటే మూడు వారాలు ఆగింది. గొట్టం రెండు చివర్లా సిమెంటుతో మూయించాను. పొర్లే నీళ్లకి వేరే తొట్టి కట్టారు, అందులో మందు విరిగి, సోడా తగ్గాకే శుద్ధికి పోతాయి. ఏడింట్లోనూ అంచు కన్నాలన్నీ వెతికించి మ్యాపులో ఎక్కించాను. నీ కాగితం ఫైల్లో పెట్టాను. ఉత్తరం పెట్టలేదు, అది నాది.

ఆ ఉత్తరం అమ్మకి చదవాలా వద్దా అని రెండు రోజులు తిరిగాను. చివరికి చదివాను. కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. తరవాత ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ నాన్నకి తెలుసే. రెండు వారాలు జ్వరమొచ్చి పనికి వెళ్లకపోతే పుళ్లు మానాయి. మళ్లీ ఆ మెట్టు మీద నిలబడగానే లేచాయి. చోటు మార్చుకోమని కాళ్లకి నూనె రాస్తూ రోజూ చెప్పేదాన్ని. వినలేదు. తమ్ముడు గిన్నెలో పువ్వు చూపించి చెప్పాడు, ఇప్పుడు నేను చోటు మారితే వాడికి తెలిసిపోతుంది, తెలిస్తే నా తమ్ముడు బతకలేడు అన్నాడు. నీతో కూడా అనొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

ఇది నీకు రాయొద్దంది అమ్మ. అయినా రాస్తున్నాను. నీ మీద కోపం లేదని చెప్పను, ఉంది. నాన్న మీద కూడా ఉంది, అమ్మ మీద కూడా. నువ్వు నాన్న కోసం, నాన్న నీ కోసం, అమ్మ ఇద్దరి కోసం. మన ఇంట్లో ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమ అంతా ఆ గొట్టంలోంచే కాలువలోకి పోయింది. అందుకే ఇక నేను దాచను, నువ్వూ దాచకు.

నీ మొహం చూడకుండా ఎలా ఉంటాం బాబాయ్? అమ్మ నీ గురించి ఒకటే అంది: వాడు ఇంకా ఒంటరిగా ఎందుకు మోస్తాడు, రమ్మను అని.

నీ నీలిపిల్ల

*

అమ్మాయి ఇల్లు
సెప్టెంబరు 18

నీలిపిల్లా,

నీ ఉత్తరం మూడుసార్లు నేనే చదివాను. నాలుగోసారి మీ చెల్లెలి చేత చదివించుకున్నాను, నా కళ్లజోడు పనిచెయ్యలేదు. అన్నయ్య అన్న "సరేరా" ఇన్నేళ్లూ నమ్మకంతో అన్నాడనుకున్నాను. ఇప్పుడు ఆ మాట నా చెవిలో వేరుగా వినబడుతోంది.

వచ్చే సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. వదినకి చెప్పు, దిగి నేరుగా ఇంటికి రాను. ముందు రేవుకి వెళ్లాలి. నువ్వు కూడా అక్కడికే రా, నాచు పట్టిందన్నావు, చెయ్యి పట్టుకోవాలి. నీ మీటరు తెచ్చుకో. నేను గిన్నె తేవడం లేదు.

చెప్పులు విప్పి మూడో మెట్టు మీద కాసేపు నిలబడతాను. నాకు తేటగా ఉండక్కర్లేదు. ఆ నీళ్లు నా కాళ్లకి చల్లగా తగలాలి, అంతే.

బాబాయ్